బట్టతల డాక్టరు

వారపత్రిక ఆఫీసులోకి ఆ యువకుడు విసురుగా వచ్చి, వెనకపేజీ కార్టూన్ గీసేది ఎవరని అడిగాడు. అందరూ కిటికీ పక్కన కూర్చున్న అమ్మాయి వైపు చూశారు. ఆమె చెవుల్లోంచి ఇయర్‌ఫోన్లు తీసింది.

అతను పత్రికను ఆమె ముందు పరిచాడు. అందులో బట్టతల, బానపొట్ట, ముక్కు చివర కళ్ళజోడు ఉన్న పశువుల డాక్టరు ఒక తాబేలుకు స్టెతస్కోప్ పెడుతున్నాడు.

“ఇది నేనేనా?” అన్నాడు.

ఆమె తలెత్తి చూసింది. మనిషిని చూడటం అదే మొదటిసారి. గొంతు మాత్రం బాగా తెలుసు. పళ్ళు తోముకునేటప్పుడు, బస్సులో వేలాడేటప్పుడు, రోజూ ఆమె చెవుల్లో ఉండే గొంతే అది.

జరిగిందేమిటంటే, కొన్ని నెలల కిందట ఆమె బుర్రలో జోకులు అడుగంటాయి. కార్టూన్‌కు నవ్వు రాకపోతే ఆ చోట గళ్ళనుడికట్టు వేస్తానని ఎడిటరు తెగేసి చెప్పాడు. బొమ్మలు తప్ప వేరే పని చేతకాని ఆమె, బయటివాళ్ళ కబుర్లలో ఏమైనా దొరుకుతుందేమోనని పాడ్‌కాస్టులు వినడం మొదలుపెట్టింది. స్వెటర్లు అల్లే ఒకావిడ స్వెటర్ల కంటే తన ఆడపడుచు గురించే ఎక్కువ చెప్పేది. రిటైరైన రైలు డ్రైవరు ప్రతి ఎపిసోడ్‌లోనూ ఆలస్యానికి క్షమాపణ చెప్పుకునేవాడు. వాళ్ళతో కొన్ని వారాలు నెట్టుకొచ్చాక ఈ డాక్టరు దొరికాడు. యజమాని దగ్గును నేర్చుకున్న చిలక, కదలడం లేదని తీసుకొచ్చిన తాబేలు, ఇంటాయన కూడా ఒకటి మింగితే తప్ప మాత్ర మింగని కుక్క, ఇలా అన్నీ అతను నవ్వకుండా, మహా గంభీరంగా చెప్పేవాడు. ఆ గొంతుకు యాభై ఏళ్ళుంటాయని ఆమె అనుకుంది. మిగతాదంతా పెన్సిలే చూసుకుంది.

ఇప్పుడు ఎదురుగా ఉన్నవాడికి ముప్పై కూడా ఉండవు. వానకు తడిసిన జుట్టు నుదుటి మీద పడుతోంది. చాలా జుట్టు.

చిలక యజమాని కార్టూన్‌లో తన చిలక సంగతి చూసి, ఆ డాక్టరు ఇతనేనని గుర్తుపట్టాడట. అప్పట్నుంచి ఆస్పత్రికి వచ్చేవాళ్ళంతా అతనిది విగ్గేమోనని అనుమానంగా చూస్తున్నారట. ఒకావిడ లాగి కూడా చూసిందట.

ఆమె నవ్వు ఆపుకోలేక దగ్గింది. అడగకుండా వాడుకోవడం తప్పేనని ఒప్పుకుంది. ఆ పాడ్‌కాస్ట్ వినకపోతే తనకు రోజు గడవదని కూడా చెప్పేసింది.

అతని కోపం ఎటు పోయిందో తెలియదు. కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

“నాకు ఇద్దరే శ్రోతలండీ. ఒకరు మా అమ్మ. నాకు జలుబు చేసిందో లేదో తెలుసుకోవడానికి వింటుంది. ఆ రెండోవాళ్ళెవరో తెలియకుండానే, ఇన్నాళ్ళూ వాళ్ళ కోసమే మాట్లాడుతున్నాను.”

బొమ్మకు జుట్టు పెట్టి, కింద అతని పేరు కూడా వేయాలని రాజీ కుదిరింది.

ఆ వారం పాఠకులు మండిపడ్డారు. మా డాక్టరేడీ, ఈ హీరో ఎవడూ అని ఒకటే ఫోన్లు. ఎడిటరు మళ్ళీ గళ్ళనుడికట్టు మాట ఎత్తాడు. ఆమె వానలోనే ఆస్పత్రికి పరుగెత్తింది. అతను పిల్లి గోళ్ళు కత్తిరిస్తూ అంతా విన్నాడు.

“తీసేయండి.”

“ఏమిటి?”

“జుట్టు. మీ ఉద్యోగం కంటే ఎక్కువేం కాదు.”

ఆ మాటతో ఆమె పడిపోయింది. స్కెచ్‌లు వేసుకోవాలనే వంకతో తరచుగా అక్కడికి వెళ్ళేది. అతనేమో కుక్కపిల్ల ఆవులించినా, అరుదైన కేసు వచ్చిందని ఫోన్ చేసేవాడు. అసలు మాట మాత్రం ఇద్దరికీ గొంతు దాటలేదు.

ఒక ఉదయం ఆమె ఆఫీసుకు వచ్చేసరికి, ఆమె బల్ల దగ్గర ఒక పెద్దావిడ కూర్చుని ఉంది. డాక్టరుగారి అమ్మ.

“ఇవాళ్టి ఎపిసోడ్ విన్నావా అమ్మాయ్?”

“ఇంకా లేదండీ.”

“అయితే విను. నేను కూర్చుంటాను.”

ఆమె ఇయర్‌ఫోన్లు పెట్టుకుంది. మొదట ఒక మేక సంగతి వచ్చింది. మేక అయిపోయాక అతని గొంతు తడబడింది. ఆ రెండో శ్రోత తన ఇంటికే వచ్చేస్తే ఇవన్నీ ఎదురుగా కూర్చుని చెప్పుకుంటానని, కాదంటే వచ్చేవారం కూడా మేక గురించే మాట్లాడతానని అన్నాడు.

ఆమె చెవులు ఎర్రబడ్డాయి. ఆఫీసంతా పని మానేసి చూస్తోంది.

“వాడికి నిన్నట్నుంచి తిండి సయించడం లేదు,” అంది పెద్దావిడ. “ఏమని చెప్పమంటావు?”

ఆమె తల వంచుకుని, బల్ల మీద లేని దుమ్మును కాసేపు తుడిచింది.

“తినమనండి అత్తయ్యా,” అంది.