మొయినాబాద్ దాకా వచ్చి

ఆదివారం పొద్దున అంతమ్మ చాయ్ గ్లాసు పక్కన పెట్టుకుని, కళ్లద్దాలు సర్దుకుని, ఫోను తెరిచింది. చర్చికి వెళ్లేముందు ఇది ఆమెకు అలవాటు. కూతురు దీవెన హైదరాబాదులోని ఒక విశ్వవిద్యాలయంలో, విద్యా పరిశోధన కేంద్రంలో పనిచేస్తుంది. ఆ కేంద్రంలోని వాళ్లు ఈ మధ్య ఏ ఊరు వెళ్లారు, ఏ సభలో మాట్లాడారు, ఏ పుస్తకం తెచ్చారు అన్నదంతా కేంద్రం వెబ్ పేజీలో పెడతారు. సర్కారు బడుల టీచర్లు కూడా చూస్తారు కనుక ఇంగ్లీషు కింద తెలుగులోనూ రాస్తారు. ఆ తెలుగు బరువుగా ఉంటుంది. 'పత్రసమర్పణ' అన్న మాటను మొదటిసారి చూసినప్పుడు అంతమ్మ దాన్ని ముక్కలు చేసుకుని, కూడబలుక్కుని చదివింది.

భర్త జయరాజ్ చనిపోయాక పాస్టరమ్మ దగ్గర కూర్చుని అక్షరాలు నేర్చుకున్న మనిషి ఆమె. ఇప్పటికీ వేలు పెట్టే చదువుతుంది.

కూతురు ఎక్కడుందో ఆమెకు ఆ పేజీ వల్లే తెలుస్తుంది. ఆదివారం సాయంత్రం దీవెన ఫోను చేస్తుంది. తిన్నవా అవ్వా అంటుంది, తిన్న అంటుంది అంతమ్మ. పండుకున్నవా, గోలీలు వేసుకున్నవా అని అడిగి పెట్టేస్తుంది. ఏ ఊరు పోయిందో, ఎవరితో మాట్లాడిందో చెప్పదు. అందుకే అంతమ్మ పేజీ చదువుకుంటుంది. చదివినదాన్ని చర్చిలో సాక్ష్యాల సమయంలో లేచి చెబుతుంది. "నా బిడ్డ భువనేశ్వర్ పోయి పెద్ద సభల మాట్లాడింది. మంచిగ తిరిగొచ్చింది. దేవునికి స్తోత్రం." అందరూ స్తోత్రం అంటారు. ఇప్పుడు చేవెళ్లలో ఆ చర్చికి వచ్చేవాళ్లందరికీ భువనేశ్వర్ తెలుసు, పుణె తెలుసు.

ఆ రోజు పేజీ తెరిస్తే ముందు ఎవరో ఢిల్లీ వెళ్లి వచ్చిన సంగతి, ఇంకెవరో పుస్తకం తెచ్చిన సంగతి ఉన్నాయి. వాటి కింద దీవెన ఫొటో. నీలం చీర కట్టుకుని, మైకు పట్టుకుని నవ్వుతోంది. అంతమ్మ వేలు పెట్టి చదివింది. 'మొయినాబాద్‌లో ఉపాధ్యాయులకు రెండు రోజుల శిక్షణ.'

మళ్లీ చదివింది. తప్పు చదివానేమో అనుకుని అద్దాలు తుడుచుకుని ఇంకోసారి చదివింది. మొయినాబాదే. చేవెళ్లలో బస్సెక్కితే గంట కూడా పట్టదు. పోయిన ఆదివారం ఫోనులో "బయటికి పోయుంటి అవ్వా, పనుండె" అంటే ఎక్కడో దూరం అనుకుంది. రెండు రోజులు మొయినాబాద్ దాకా వచ్చి, బిడ్డ అక్కణ్ణుంచే తిరిగి వెళ్లిపోయింది.

చాయ్ చల్లారిపోయింది. చర్చిలో ఆమె సాక్ష్యానికి లేవలేదు. పక్కన కూర్చున్న బీరమ్మ మోచేత్తో పొడిచి, ఈ వారం ఏ ఊరు లేదా అక్కా అని గుసగుసగా అడిగింది. అంతమ్మ పాటల పుస్తకంలోకి చూస్తూ ఉండిపోయింది. భువనేశ్వర్ నుంచి ఇంటికి రాలేదంటే ఎవరూ ఏమీ అనుకోరు. మొయినాబాద్ పేరు అందరి ముందు ఎలా చెప్పాలి?

సోమవారం బడి వంటగదిలో పప్పుచారు మరుగుతోంది. అంతమ్మ, బీరమ్మ ఇద్దరూ ఆ బడిలో మధ్యాహ్న భోజనం వండుతారు. జానకీదేవి టీచర్ చాయ్ కోసం గడప దగ్గరికి వచ్చింది. గుంటూరు వైపు నుంచి వచ్చి సిటీ అంచున స్థిరపడిన కుటుంబం ఆమెది. ఈ ఏడే ఈ బడికి బదిలీ అయింది. మనసులో ఏదీ దాచుకోని మనిషి.

ఈ వారం మీ వీధికి వస్తానని ఆమె అంతమ్మతో చెప్పింది. మొయినాబాద్ శిక్షణలో తమకు నేర్పారట, టీచర్లు పిల్లల ఇళ్లకు వెళ్లాలట. చాప వేస్తే చాప మీద కూర్చుని, ఇచ్చింది తాగి, వాళ్లు చెప్పేది వినాలట. వచ్చే శనివారం మళ్లీ పిలిచారు, ఎవరెవరు ఏ ఇంటికి వెళ్లారో చెప్పాలి. అదంతా చెప్పి టీచర్ కొంచెం ఆగింది.

"ఆ దీవెన మేడం ఉంది చూశారూ, వాళ్లమ్మ గురించి చెప్పింది అంతమ్మ గారూ. చదువు రాని తల్లట. చిక్కుడుకాయ ఈనెలు తీస్తూ కూతురి చేత రోజూ పాఠం చదివించుకునేదట. ఎక్కడ ఆపినా అడిగేదట... మీ మాటే, ఏదో... ఆ, 'అటెన్క?' అని. ఆ తర్వాత ఏమైందని. వినేవాళ్లుంటే ఏ పిల్లయినా చదువుతుంది అంది ఆవిడ."

అంతమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది.

"పాపం, ఆ తల్లి ఇప్పుడు లేనట్టుంది. చెబుతుంటే మేడం గొంతు పూడుకుపోయింది. మేమందరం కళ్లు తుడుచుకున్నాం."

బీరమ్మ నోరు తెరవబోయింది. అంతమ్మ కళ్లతోనే ఆపింది. గరిటె మళ్లీ తిప్పుతూ మెల్లగా అడిగింది.

"మంచిగ చెప్పిందా మేడం, ఆ బిడ్డ?"

"చాలా బాగా చెప్పింది."

టీచర్ వెళ్లాక బీరమ్మ ఊరుకోలేదు. "గట్లెట్ల ఊకున్నవక్కా? బతికున్న మనిషిని ఎదురుంగ పెట్టుకొని లేదంటుంటే?"

"చెప్తే ఏమంటది? మరి మీ బిడ్డ ఇంటికెందుకు రాలేదంటది. నేనేం చెప్పాలె?"

ఆ వారమంతా అంతమ్మ వండింది, వడ్డించింది, గిన్నెలు తోమింది. ఇంటికి వచ్చి రెండు గదుల్లో దీపం వేసుకుని కూర్చుంది. ఫోను తెరిచి ఆ నీలం చీర ఫొటో చూసేది. ఊరూరా తన మాటే చెబుతోందన్నమాట. భువనేశ్వర్‌లో ముక్కూమొహం తెలియని వాళ్లకు చిక్కుడుకాయల సంగతి తెలుసు. ఆ చిక్కుడుకాయలు తీసిన మనిషి మాత్రం ఇక్కడ ఒక్కతే కూర్చుని ఉంది.

రెండో శనివారం కనుక బడికి సెలవు. మొయినాబాద్‌కు కూతురికి జొన్నరొట్టెలు కట్టుకుపోదామని పిండి తీసి, మళ్లీ డబ్బాలో పోసేసింది. తిండి మాటలు తప్ప ఇద్దరి మధ్యా ఏమీ మిగల్లేదు, అది కూడా ఎందుకు అనుకుంది. వట్టి చేతులతో బస్సెక్కి, ఆధార్ కార్డు చూపించి ఆడవాళ్లకు ఉచితంగా ఇచ్చే జీరో టికెట్ తీసుకుంది. మొయినాబాద్‌లో దిగి అడుగుతూ వెళ్లి, శిక్షణ జరుగుతున్న బడి వరండాలో కిటికీ పక్కన నిలబడింది.

లోపల టీచర్లు ఒక్కొక్కరు లేచి ఎవరింటికి వెళ్లారో చెబుతున్నారు. జానకీదేవి తన వంతు చెప్పి కూర్చోబోతూ ఆగింది.

"అడగొచ్చో లేదో మేడం. మీ అమ్మగారు పోయి ఎన్నాళ్లయింది?"

దీవెనకు ఒక్క నిమిషం అర్థం కాలేదు. "పోవడమేంటండీ? అమ్మ ఉంది. చేవెళ్లలోనే ఉంది."

వెనక కూర్చున్న ఒక సారు మంచిగానే అన్నాడు. "చేవెళ్లంటే మా దిక్కే కద మేడం. అయితే మొన్న ఇంటికి పోయే ఉంటరు."

తల తిప్పుకున్న దీవెనకు కిటికీ ఊచల వెనక తల్లి ముఖం కనిపించింది.

సాయంత్రం కేంద్రం వాళ్ల కారు దీవెన లేకుండానే హైదరాబాద్ వెళ్లింది. తల్లీకూతుళ్లు బస్సులో పక్కపక్కనే కూర్చున్నారు. చేవెళ్ల వచ్చేదాకా ఇద్దరూ కిటికీ బయటికే చూశారు. ఇంటికి వచ్చి తలుపు తీశాక దీవెన నిలబడే అడిగింది.

"చెప్పకుండ ఎందుకొచ్చినవు అవ్వా?"

"నువ్వు చెప్పి వచ్చినవా మొయినాబాద్‌కు?"

దీవెన తల దించుకుంది. అంతమ్మ నులకమంచం మీద కూర్చుంది. ఆమె గొంతు పెద్దది కాలేదు.

"అందరికీ నన్ను చెప్పుకుంటున్నవట. నాకు మాత్రం తిన్నవా, పండుకున్నవా, గంతే. ఇంటింటికి పోయి కూసోవాలె, వినాలె అని పంతుళ్లకు నేర్పుతున్నవట. మంచిదే బిడ్డా. మా ఇల్లు ఆ లెక్కల రాదా?"

"నువ్వెప్పుడన్న ఉండుమన్నవా అవ్వా?" దీవెన తల ఎత్తింది. "వచ్చిన గడియకే చీకటి పడకముందు పో, నీకు పనుంటది అంటవు. బువ్వ పెడ్తవు, డబ్బాల కూర కట్టిస్తవు, బస్టాండు దాక వస్తవు. బస్సు కదలంగనే నీ పని అయిపోయినట్లు మర్లిపోతవు."

"నీ నౌకరికి అడ్డం కావొద్దని. బస్సు పోయేదాక నిలబడితే ఏడుపొస్తదని."

దీవెన మంచం పక్కన కింద కూర్చుంది.

"బాపు పోయిన మల్లేడు వచ్చిన, యాదికున్నదా? నీకు చదివి వినిపిద్దామని పుస్తకం తెచ్చిన. నేను సంచిల నుంచి తీసేలోపట నువ్వు బైబిలు తెచ్చి, నేనే చదువుత చూడు అన్నవు. పేజీ మొత్తం చదివినవు. నాకెంత సంబరమైందో. కాని పుస్తకం బయటికి తియ్యలె. ఇంక నువ్వే చదువుకుంటవు, నాతోని ఏం పని అనిపించింది. అప్పటిసంది ఇంటికొస్తే చేతులు ఖాళీగున్నట్లే ఉంటది."

అంతమ్మకు ఆ రోజు గుర్తుంది. బడిపిల్ల పలక తెచ్చి చూపించినట్టు, కూతురి ముందు ఒక్క తప్పూ లేకుండా చదవాలని ముందు రాత్రి నుంచీ ఎన్నిసార్లు చదువుకుందో. కూతురు మెచ్చుకుని, ఎందుకో త్వరగా వెళ్లిపోయింది. బాగా చదవలేదేమో అనుకుంది తాను.

"నువ్వు దగ్గర లేవనే కదనే నేర్చుకున్న," అంది అంతమ్మ. "చదివి వినిపించెటోళ్లు లేకనే నేర్చుకున్న. నేను నిన్ను వద్దనుకుంటనా?"

దీవెన తల్లి మోకాళ్ల మీద తల పెట్టి ఏడ్చింది. అంతమ్మ ఆమె జుట్టులో వేళ్లు పెట్టి నిమురుతూ, తానూ ఏడ్చింది. కొంచెం సేపటికి ముక్కు తుడుచుకుని అడిగింది.

"ఆ పుస్తకం ఉన్నదా?"

అది లేదు కానీ సంచిలో ఇంకొకటి ఉంది. షాబాద్ వైపు ఊళ్లలో ముసలివాళ్లు చెప్పిన కథలను కేంద్రం వాళ్లు రెండో తరగతి పిల్లల కోసం అచ్చు వేశారు. దీవెన చదవడం మొదలుపెట్టింది. అంగడిలో అమ్ముడుపోయిన ఒక మేక తాడు తెంపుకుని, సొంత ఊరికి పోదామని బస్సెక్కుతుంది. అంతమ్మ అద్దాలు తీసి పక్కన పెట్టి, చిక్కుడుకాయలు ముందు వేసుకుంది.

"బస్సు కదిలింది. కండక్టర్ వచ్చి మేకను చూశాడు." దీవెన ఆగింది, తల్లి ఏమంటుందోనని.

"ఆడమేకనే కదా? టికెట్ ఉండదు," అంది అంతమ్మ.

ఇద్దరూ నవ్వారు. ఆ ఇంట్లో అంత గట్టిగా నవ్వు వినిపించి చాలా రోజులైంది. ఆ రాత్రి కథ పూర్తి కాలేదు. మాటల్లో పడ్డారు. భువనేశ్వర్‌లో ఏం తిన్నావో, పుణెలో ఎవరింట్లో దిగావో అన్నీ అడిగింది అంతమ్మ. అవన్నీ నీకెట్ల తెలుసు అని దీవెన అడిగితే చెప్పకుండా నవ్వింది.

మర్నాడు చర్చిలో తెలిసింది దీవెనకు. సాక్ష్యాల సమయం రాగానే బీరమ్మ గట్టిగానే అంది, "లే అక్కా, నీ బిడ్డ ఈసారి ఏ ఊరు పోయిందో చెప్పు, మాకు ఆ ఊర్లన్నీ పాఠమైనయి." జనం నవ్వారు. దీవెన ఆశ్చర్యంగా తల్లి వైపు చూసింది. ఏ సభకు వెళ్లినా, తిరిగి వచ్చినా, ఇక్కడ ఒక మనిషి లేచి నిలబడి కృతజ్ఞతలు చెబుతోందని ఆమెకు ఇన్నాళ్లూ తెలియదు.

అంతమ్మ లేచి, కొంగు భుజం మీదికి లాక్కుంది. "ఈసారి యాడికి పోలె. ఇంటికొచ్చింది. దేవునికి స్తోత్రం." అంతే చెప్పి కూర్చుంది. దీవెన ముఖం చేతుల్లో దాచుకుంది.

సాయంత్రం బస్టాండులో దీవెన ఎక్కిన బస్సు కదిలినా అంతమ్మ వెనక్కి తిరగలేదు. అది మలుపు దాటేదాకా నిలబడి ఏడ్చింది. ఇంటికి వచ్చేసరికి రెండు గదులూ మళ్లీ ఎప్పటిలాగే ఉన్నాయి. మంచం కింద ఒక చిక్కుడు ఈనె పడి ఉంది. దాన్ని తీసి పారేయబుద్ధి కాలేదు. దీపం వేసి కూర్చుంది.

ఫోను మోగింది. తిన్నవా అని అడుగుతుందనుకుని, తిన్న అని చెప్పడానికి సిద్ధంగా ఎత్తింది. అవతల బస్సు చప్పుడు. ఆ చప్పుడులోంచి దీవెన గొంతు, పలకరింపు ఏమీ లేకుండా, చదువుతోంది.

"మేక కండక్టర్ వైపు చూసింది. 'అన్నా, నేను మా ఊరికి పోతున్న' అంది. కండక్టర్ ఏమీ అనకుండా గంట కొట్టాడు. డ్రైవర్ వెనక్కి తిరిగి చూశాడు..."

దీవెన అక్కడ ఆగింది. అంతమ్మ ఫోను చెవికి గట్టిగా ఆనించుకుంది. కళ్లు మూసుకుంది.

"అటెన్క?" అంది.