సన్నాయి పట్టే పళ్లు

మస్తాన్ రొట్టెను టీలో నానబెట్టుకుని తింటుండగా తాడేపల్లిగూడెం నుంచి కూతురు మెహర్ వచ్చింది. వస్తూనే, "నిన్న ఆస్పత్రికి ఎందుకు రాలేదు నాన్నా? డాక్టరుగారు మీ కోసం సాయంత్రం దాకా చూశారు," అంది.

మస్తాన్‌కి అర్థం కాలేదు. రమ్మన్నారని ఆయనతో ఎవరూ చెప్పలేదు.

ఏలూరు చుట్టుపక్కల పెళ్లిళ్లలో మస్తాన్ సన్నాయి అంటే పేరు. కిందటి వేసవిలో కొల్లేటికోటలో వాయించి వస్తుంటే ఆటో బోల్తాపడి పైవరస ముందుపళ్లు పోయాయి. కట్టుడుపళ్లు పెట్టించుకున్నారు. మాట్లాడటానికి ఫరవాలేదు గాని, గట్టిగా ఊదితే జారిపోయేవి. సన్నాయి బీరువాలోకి వెళ్లిపోయింది. ముహూర్తాలకు పిలవడానికి వచ్చినవాళ్లకు ఇక వాయించడం లేదండీ అని చెప్పి పంపేసేవారు.

పళ్ల ఆస్పత్రిలో నర్సుగా చేస్తున్న మెహరే ఇంప్లాంట్ల సంగతి చెప్పింది. దవడ ఎముకలో చిన్న మర బిగిస్తారు. కొన్ని నెలలకు ఎముక దాన్ని పట్టేసుకుంటుంది. అప్పుడు దాని మీద పన్ను బిగిస్తే సొంతపన్నులా కదలకుండా ఉంటుంది. షుగరు అదుపులో ఉంది కాబట్టి చెయ్యొచ్చని డాక్టరుగారు కూడా అన్నారు.

"అమ్మకి ఫోన్ చేసి చెప్పాను కదా," అంది మెహర్, వంటింటి వైపు చూస్తూ.

తల్లి సుల్తానా గుమ్మంలోకి వచ్చి నిలబడింది. మరిచిపోయానంది మొదట. తర్వాత, ఈ వయసులో ఎముకకి మరలేమిటని, భయమేసిందని అంది. మెహర్ ఊరుకోలేదు. సన్నాయి లేక నాన్న ఎలా అయిపోయారో చూడటం లేదా అని నిలదీసింది.

"చూస్తున్నాను," అంది సుల్తానా. "పెళ్లయిన దగ్గర్నుంచీ ముహూర్తాలు వస్తే ఈయన ఇంట్లో ఉండరు. నీకు జ్వరమొచ్చినా నేనే, మీ మామ్మ పోయినప్పుడూ నేనే. ఈ ఒక్క ఏడాదే నాతో కూర్చుని అన్నం తిన్నారు. పళ్లు వస్తే మళ్లీ వెళ్లిపోతారు."

మస్తాన్ టీగ్లాసు పక్కన పెట్టి భార్య వైపు తిరిగారు.

"నా వాయిద్యం నువ్వెప్పుడైనా ఎదురుగా కూర్చుని విన్నావా సుల్తానా?"

"నన్నెప్పుడైనా రమ్మన్నారా అండీ?"

ఊరూరా ఎవరెవరి ఇళ్లలోనో శుభమని ఊదిన మనిషి, సొంత మనిషిని ఒక్కసారీ వెంట తీసుకెళ్లలేదు. ఆ సంగతి ఇన్నేళ్లలో ఆయనకు తట్టనైనా లేదు. కళ్లు తుడుచుకుని, "నేను వాయించే పెళ్లిళ్లకి నువ్వూ వస్తానంటేనే పళ్లు పెట్టించుకుంటాను. లేకపోతే ఇలాగే ఉంటాను. కోపంతో అనడం లేదు," అన్నారు.

మర్నాడు ఆయన్ని బస్సెక్కించి ఆస్పత్రికి తీసుకెళ్లింది సుల్తానాయే. మరలు బిగిస్తున్నంతసేపూ బయట బల్ల మీద కూర్చుని ప్రార్థన చేసుకుంది. ఎముక కుదురుకునే నెలల్లో మెత్తగా గంజి కాచి పెట్టింది, షుగరు మాత్ర తానే చేతికిచ్చింది. పళ్లు కట్టాక రోజూ కొంచెం కొంచెంగా సాధన మొదలుపెట్టారు మస్తాన్.

తొలి పిలుపు అత్తిలి నుంచి వచ్చింది. పందిట్లో ముందువరసలో కూర్చుంది సుల్తానా. పళ్లు కదల్లేదు గాని, ఏడాదికి పైబడిన విరామం వల్ల ఊపిరి మధ్యలో తెగింది. మస్తాన్ కంగారుగా ఆమె వైపు చూశారు. నెమ్మదిగా అన్నట్టు ఆమె తలూపింది. ఆయన గుండెనిండా గాలి తీసుకుని మళ్లీ అందుకున్నారు. కొంగుతో కళ్లు ఒత్తుకుంటూనే చివరిదాకా వింది ఆమె.

తిరుగు బస్సులో ఎలా ఉందని ఆయన అడగలేదు. ఆమే కాసేపు కిటికీలోంచి చూసి, ఆయన వైపు తిరిగింది.

"తర్వాతి ముహూర్తం ఏ ఊళ్లోనండీ మనకి?"