వీపు పిగిలిన చొక్కా

ఉదయం 6.40. కలప మిల్లులో రంపం మిషన్ పక్కన ఆపరేటర్ శవం. చుట్టూ నాలుగు ఖాళీ కూల్‌డ్రింకు సీసాలు.

"విషం పెట్టి చంపేశాడు సార్!" భార్య సూపర్‌వైజర్ మీద విరుచుకుపడింది. నిన్ననే అతనికీ ఆమె భర్తకీ పెద్ద గొడవ. సూపర్‌వైజర్ ముఖంలో నెత్తురు చుక్క లేదు.

ఇనస్పెక్టర్ మాత్రం చొక్కా చూస్తున్నాడు. యూనిఫాం మీద పెద్దగా 17. ఇంకో మనిషి పట్టేంత వదులు. మరి వీపు నిలువునా పిగిలి, మళ్లీ కుట్టించుకోవడమేమిటి?

సాయంత్రానికి రిపోర్టు వచ్చింది. విషం లేదు. షుగర్ విపరీతంగా పెరిగి కోమాలోకి పోయాడు. పైగా ఊపిరితిత్తులు రంపపు పొట్టు ధూళికి సగం పాడైపోయాయి.

"దాహం ఆగక తాగాడన్నమాట. కేసు క్లోజ్ సార్," అన్నాడు ఎస్సై.

"ఊరుకోవయ్యా, తొందరెందుకు?"

ఇనస్పెక్టర్ మిల్లు డాక్టర్‌కి ఫోన్ చేశాడు.

"ఊపిరి ఎంతుందో కొలవడానికి ఏటా స్పైరోమీటర్ గొట్టంలో ఊదిస్తాం సార్. రీడింగ్ తగ్గితే రక్తపరీక్షకి పంపుతాం. ఊపిరి తగ్గినవాళ్లలో షుగర్ ప్రమాదం ఎక్కువగా కనిపిస్తుంది. ఎందుకో ఇంకా పూర్తిగా తేలలేదనుకోండి."

"పదిహేడో నంబరు?"

"మూడు నెలల కిందట మిల్లు మొత్తానికీ ఫస్ట్!"

"అలాంటి ఊపిరితిత్తులతోనా? మనిషిని గుర్తుపట్టే ఊదించారా?"

"టెక్నీషియన్ బయటివాడు సార్. చొక్కా మీద నంబరు చూసి రాసుకుంటాడు."

రాత్రి 7.30. ఆపరేటర్ ఇల్లు. గోడకి ఆనుకుని భార్య. గుమ్మంలో సూపర్‌వైజర్. మూలన ఆమె తమ్ముడు, అదే మిల్లులో లోడర్. అందరూ బండోడంటారు. గది సగం అతనే ఉన్నాడు.

"ఇది తొడుక్కో." ఇనస్పెక్టర్ 17వ నంబరు చొక్కా అందించాడు.

"నాకు పట్టదు సార్."

"ఆరోజు పట్టించావుగా!"

బండోడు చొక్కా ముఖానికి అడ్డం పెట్టుకుని భోరుమన్నాడు.

"సన్నబడుతున్న మనిషి చొక్కా పిగలదు," అన్నాడు ఇనస్పెక్టర్. "నీలాంటివాడు వేసుకుని ఛాతీ నిండా గాలి పీలిస్తే పిగులుతుంది."

"ఊపిరి చాలనివాళ్లకి లోడర్లం ఊదిపెట్టడం మిల్లులో మామూలే సార్. రీడింగ్ తగ్గితే మిషన్ మీంచి తీసేసి గేటు దగ్గర కూర్చోబెడతారని బావ హడలిపోయాడు. ఒక్క ఊదుడేగా, నాదేం పోయిందనుకున్నా. సాయం చేశాననుకున్నా సార్, వెధవని! తర్వాత బావ చిక్కిపోతుంటే చూస్తూ కూడా నోరు విప్పలేదు."

సూపర్‌వైజర్ హమ్మయ్య అనుకున్నాడు. ఇనస్పెక్టర్‌కి కూడా క్షణంపాటు గర్వమేసింది. అంతలో ఆమె ముఖం చూశాడు. ఈ తెలివితేటలు ఇంకెక్కడైనా చూపించాల్సింది అనిపించింది.

"రక్తపరీక్షకి పంపి ఉంటే ఆయన బతికేవాడా సార్?" అడిగిందామె.

ఇన్నేళ్ల సర్వీసులో ఎంతమంది చేత నిజం కక్కించాడో! ఇప్పుడు ఒక్క అబద్ధం కావాలి, దొరకలేదు.

"అలా చెప్పలేమమ్మా... షుగర్ అంటే..." అని నసిగాడు.

"బతికేవాడక్కా," అన్నాడు తమ్ముడు.