చెంగయ్య చాపిన చెయ్యి

ఈ సంగతి మా పాస్టరుగారి చెవిన పడితే ఆదివారం ప్రసంగమంతా నా మీదే సాగేది. ఆయన ఇప్పుడు మదనపల్లెలో లేడు కాబట్టి ధైర్యంగా చెబుతున్నాను.

అప్పట్లో నేను పుంగనూరు రోడ్డులో ఒక మిషను ఆసుపత్రిలో, మగవాళ్ల సర్జరీ వార్డులో స్టాఫ్ నర్సుని. పేరు విక్టోరియా. నోరు కాస్త పెద్దదని ఊళ్లో పేరు. ఎనభై నాలుగో సంవత్సరం, కార్తీకం ముసురు. పెంకుల కప్పు, ఎత్తయిన కిటికీలు, రెండు వరసల ఇనప మంచాలు. సాయంత్రమైతే ఆయా యేసమ్మ ఎర్ర సిమెంటు నేలని ఫినాయిలుతో తుడిచేది. రోగుల తాలూకు మనుషులు వరండాలో సద్దిమూటలు విప్పుకుని రాగిముద్ద, ఊరుబిండి పచ్చడి తినేవాళ్లు. ఫినాయిలు, వేయించిన మిరపకాయలు, తడిసిన గొంగళ్లు, అన్ని వాసనలూ కలిసిపోయి ఆ వార్డు నాకొక ఇల్లులా ఉండేది.

కిటికీ పక్క మంచం మీద చెంగయ్య అనే ముసలాయన చాలా రోజులున్నాడు. తంబళ్లపల్లె వైపు గొర్రెలు మేపుకునే మనిషి, కాలి పుండు మానక వచ్చాడు. ఆయనకొక అలవాటు. ఏది తిన్నా సగం పక్క మంచానికి ఇవ్వాల్సిందే. వేయించిన శెనక్కాయలు కానీ, అరటిపండు కానీ, చివరికి మేమిచ్చే బ్రెడ్డు ముక్క కానీ, అరచేతిలో పెట్టుకుని చెయ్యి చాపేవాడు.

"ఉంచుకో అప్పా, నాకాడ ఇంకా ఉండాది."

"ఒకరి చేతిది ఒకరు తినకూడదు తాతా. ఇది ఆసుపత్రి, పెళ్లి పందిరి కాదు" అని నేను కసిరితే, పళ్లు లేని నోటితో నవ్వి నాకు కూడా శెనక్కాయలు చాపేవాడు. అలాంటి మనిషి మీద కోపం నిలబడదు.

ఒక పొద్దున ఆయన కట్టు విప్పితే గుడ్డ మీద నీలమూ ఆకుపచ్చా కలిసిన మరక. అచ్చంగా నెమలి మెడ రంగు. చీము కంపు కాదు, బాగా మాగిన ద్రాక్షపళ్ల వాసన. పెన్సిలిన్ పనిచేయలేదు. జెంటామైసిన్ కూడా పనిచేయలేదు. కొద్ది రోజులకే చెంగయ్య పోయాడు. పోయినప్పుడు కూడా చెయ్యి మంచం బయటికి చాపే ఉంది. దాన్ని నేనే మడిచి గుండె మీద పెట్టాను. వరండాలోకి వెళ్లి ఏడ్చాను కూడా.

తర్వాత పక్క మంచం గంగాధరానికి అదే మరక, అదే వాసన. చక్కగా మానుతున్న ఆపరేషన్ కుట్టు కాస్తా విచ్చుకుంది. "ముసిలాయన వచ్చి చేతిలో ఏందో పెట్టిపోయినాడు సిస్టరమ్మా" అన్నాడు. జ్వరంలో మాటలని కొట్టిపారేశాను. గంగాధరం కూడా దక్కలేదు. ఆ అవతలి మంచంలోకి కొత్తగా చేరిన మనిషి కూడా అదే మాటన్నాడు. అతను చెంగయ్యని ఎప్పుడూ చూసినవాడు కాదు. అతన్ని ఇంటివాళ్లు పచ్చమరకతోనే బండి కట్టి తీసుకుపోయారు.

మా డాక్టర్ జ్ఞానశేఖర్ వయసులో నాకంటే చిన్నవాడు, వేలూరులో చదివి వచ్చాడు. నన్ను ల్యాబుకి పిలిచి ఒక గాజు పళ్లెం చూపించాడు. అందులో క్రిములు పాచిలాగా పెరిగి ఉన్నాయి. వాటి మీద చిన్న చిన్న కాగితపు బిళ్లలు, ఒక్కో బిళ్లలో ఒక్కో మందు. మందు పనిచేస్తే బిళ్ల చుట్టూ క్రిములు చచ్చి ఖాళీ చోటు కనబడాలి. ఇక్కడ పాచి నేరుగా బిళ్లల అంచుకి వచ్చి ఆనుకుంది. ఒకే ఒక్క బిళ్ల చుట్టూ మాత్రం ఖాళీ ఉంది.

"అది ఎమికాసిన్ సిస్టర్. ఇంక మనకి మిగిలింది అదొక్కటే" అన్నాడు.

"మిగిలినవాటికి ఏం రోగం సార్?"

"ఒక మందునేమో ఇది కత్తెర పెట్టినట్టు ముక్కలు చేసేస్తాది. ఇంకొకటి లోపలికి పోతే, మోటారు పెట్టి బావి తోడినట్టు బయటికి తోడేస్తాది. కొన్ని మందులు పట్టుకునే చోటునే మార్చేసుకుంటాది. తాళమే మారిస్తే మన బీగంచెవి ఏం పనికొస్తాది?"

"ఇంత తెలివి దానికి ఎవరు నేర్పినారు?"

"పక్కది" అన్నాడాయన. "ఒక క్రిమి ఇంకోదాని మీదికి సన్నటి గొట్టం చాపి, తను నేర్చుకున్నది దానికి ఇచ్చేస్తాది. ఇచ్చినా దాని దగ్గర తక్కువ కాదు. వేరే జాతికి కూడా ఇస్తాది. కొన్ని జాతుల్లో అయితే, చచ్చినవాటి నుంచి కూడా బతికినవి తీసుకుంటాయి."

ఉంచుకో అప్పా, నాకాడ ఇంకా ఉండాది... ఆ మాటే చెవిలో తిరిగింది.

ఆ వారమే బైరప్ప వచ్చాడు. గుడుపల్లె మనిషి, పుంగనూరు దగ్గర బెల్లం వండే చోట కూలికి చేరాడు. ఉడుకుతున్న చెరుకుపాకం ఒలికి మోకాలి దాకా కాలు కాలిపోయింది. వార్డంతా నిండి ఉంది. ఖాళీ ఉన్నది కిటికీ పక్క మంచమొక్కటే. వద్దని డాక్టరుతో గొడవపడ్డాను. "నేల మీద పడుకోబెట్టమంటారా?" అన్నాడు. నేనే పరుపు దులిపి దుప్పటి పరిచాను.

బైరప్ప పెళ్లాం మునిలక్ష్మమ్మ మహా మర్యాదస్తురాలు. నేను వస్తే లేచి నిలబడేది. ఒకరోజు యేసమ్మ తనకొచ్చిన ఎండిపోయిన బన్ను ఇస్తే, ఆకలి లేకపోయినా రెండు చేతులా తీసుకుని కొంగున ముడేసుకుంది. "తిననిదానికి యాల తీసుకుంటివి?" అని ఆటపట్టిస్తే, "పెద్దోళ్లు ఇస్తాంటే కాదనకూడదు గదా సిస్టరమ్మా" అని సిగ్గుపడింది.

నేను భయపడినట్టే అయింది. బైరప్ప కట్టు మీద నెమలి మెడ రంగు దిగింది. డాక్టరు వేలూరులో తెలిసిన మనిషిని పట్టుకుని ఎమికాసిన్ తెప్పించాడు. "దీన్ని కూడా ఆ క్రిమి నేర్చుకుంటే కాలు కాదు సిస్టర్, మనిషే దక్కడు" అన్నాడు.

ఇంజెక్షన్ మొదలుపెట్టిన మర్నాడు బైరప్ప నన్ను దగ్గరికి పిలిచి, "తాత ఒకాయన చెయ్యి చాపతా ఉండాడు సిస్టరమ్మా. నేను నిద్రపోయినట్టు పడుకొంటి" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. ఎవరి మీదో తెలియదు.

"ఎవరేమిచ్చినా తీసుకోవద్దు. వినబడిందా? దేవుడే వచ్చి ఇచ్చినా సరే!"

ఇక మా డాక్టరు ఊరుకోలేదు. ట్రేలు, కుళాయి, మా చేతులు, ఒకటేమిటి, అన్నింటినీ దూదితో తుడిచి పరీక్ష చేశాడు. ఆ క్రిమి దొరికింది మేం కలలో కూడా అనుమానించని చోట. పట్టకారు నిలబెట్టే గోధుమరంగు గాజు జాడీలో, క్రిముల్ని చంపే మందునీళ్లలోనే! ఆ పట్టకారుతోనే మేం ప్రతి కట్టుకీ దూది తీసేది.

యేసమ్మని పిలిచాను. "ఈ జాడీ ఎప్పుడు కడిగినావు?"

"కడిగేదేందమ్మా? తగ్గినప్పుడల్లా పైన పోస్తాండా. తెల్ల దొరసానమ్మ కాలం నుంచీ అంతే" అంది. "అడుగంటా వంపేస్తారా యాడైనా? ఇంట్లో బియ్యం కడవలో కూడా పిడికెడు ఉంచే గదా పోసుకొనేది. ఒట్టిపోతే ఇంటికి అరిష్టం."

తిడదామని తెరిచిన నోరు మూసుకున్నాను. మా ఇంట్లో బియ్యం కడవకి నేనూ అదే చేస్తాను. ఎన్నేళ్ల నుంచి ఆ అడుగున ఉండిపోయిందో అది... ఎంతమందిని చూసిందో.

దీపాలు పెట్టే వేళకి జాడీ నేనే పట్టుకుని వెనక కాలవ దగ్గరికి వెళ్లాను. వంపాను. అడుగున జిగురుగా, పచ్చగా ఏదో జారింది. ద్రాక్షపళ్ల వాసన గుప్పుమంది. సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. వాన పెద్దదయింది.

వార్డు తలుపు తోసి లోపలికి వచ్చాను. అగ్గిపెట్టె తడిసిపోయింది. అందరూ ముసుగులు తన్ని పడుకున్నారు. పెంకుల మీద వాన చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. వాసన మాత్రం నాకంటే ముందే లోపలికి వచ్చేసింది. కిటికీ వైపు నుంచి వస్తోంది.

"వద్దు తాతా..."

బైరప్ప గొంతు. గుసగుసగా.

మంచం కిర్రుమంది... ఎవరో అంచున కూర్చున్నట్టు.

"నాకొద్దు తాతా... సిస్టరమ్మ తిడతాది..."

నేను అడుగు వేయబోయాను. ప్రార్థన మొదలుపెట్టాను. పదాలు మరిచిపోయాను.

కిటికీలో కాస్త మబ్బు వెలుతురు ఉంది. ఆ వెలుతురులో చెయ్యి కనబడింది. ముడతలు పడిన ముసలి చెయ్యి... మోచేతి దాకా. ఆ పైన చీకటే. అరచెయ్యి పైకి ఉంది. వణుకుతోంది.

"ఉంచుకో అప్పా... నాకాడ... ఇంకా ఉండాది."

"బైరప్పా! చేతులు మడుచుకో!"

నా అరుపుకి వార్డంతా లేచింది. ఎవరో లాంతరు తెచ్చారు. కిటికీ దగ్గర ఎవరూ లేరు. బైరప్ప రెండు చేతులూ చంకల్లో దాచుకుని పసిపిల్లాడిలా ఏడుస్తున్నాడు. "తీసుకోలా సిస్టరమ్మా... నేను తీసుకోలా..." మంచం పక్కన చాప మీద మునిలక్ష్మమ్మ తల వంచుకుని, కొంగు నిండుగా కప్పుకుని కూర్చుంది. పాపం బెదిరిపోయిందనుకుని వీపు నిమిరాను.

మర్నాడు యేసమ్మ ఆ జాడీని నీళ్లలో వేసి గంటలకొద్దీ మరిగించింది. డాక్టరు కొత్త పళ్లెం తెచ్చి చూపించాడు. ఎమికాసిన్ బిళ్ల చుట్టూ ఖాళీ అలాగే ఉంది, ఇంకా వెడల్పుగా. బైరప్ప జ్వరం దిగింది. కట్టు విప్పితే గుడ్డ తెల్లగా వచ్చింది. పుండు ఎర్రగా, బతికిన మాంసంలా ఉంది. ఆ ఎరుపుని చూసి నాకు గంతులేయాలనిపించింది. అంత సంతోషం నా కొలువులో మళ్లీ పడలేదు.

వాళ్లు ఇంటికి పోయే రోజు చక్కగా ఎండ కాసింది. బస్టాండు దాకా నేనే వెళ్లాను. బైరప్ప కర్ర పట్టుకుని బస్సెక్కి కిటికీ పక్కన కూర్చున్నాడు. మునిలక్ష్మమ్మ నా చేతులు కళ్లకద్దుకుంది.

"ఇద్దరూ మీ ఊరికేనా?" అన్నాను.

"ఈయన ఊరికి పోతాడు. నేను కుప్పంలో దిగేస్తా సిస్టరమ్మా. మా చెల్లెలు ఆసుపత్రిలో ఉండాది. ఆపరేషన్ చేసి బిడ్డను తీసినారంట. కుట్లు ఇంకా పచ్చిగా ఉండాయంట. దాని కాడ నేనే ఉండాల." ఎక్కబోతూ ఆగింది. "అది సరే గానీ, ఆ వాన రాత్రి వచ్చిన తాత ఎవురమ్మా?"

నేను బస్సు కడ్డీ పట్టుకున్నాను.

"ఈయన వద్దు వద్దంటా ఉంటే, పాపం ఆయన చెయ్యి అట్లే చాపుకొని ఉండిపోయినాడు. పెద్దాయన అట్ల ఇస్తాంటే కాదంటే బాగుంటాదా? అందుకే నేనే తీసుకొంటి."

"ఏం... ఏం తీసుకున్నావు? యాడ పెట్టినావు?"

"కొంగున ముడేసుకొంటి. ముడిలో ఏమీ ఉన్నట్టు లేదు. కానీ ఎందుకో ఇప్పబుద్ధి కాలా."

కండక్టరు ఈల వేశాడు. ఆమె ఎక్కింది. "దిగు! మునిలక్ష్మమ్మా, దిగు!" అని అరుస్తూ బస్సు వెంట పరిగెత్తాను. ఇంజను మోతలో ఆమెకి వినబడలేదు. నేను పోయి రమ్మంటున్నానని అనుకుంది కాబోలు, కిటికీలోంచి నవ్వింది. ఆమె కొంగు గాలికి బయటికి ఎగిరింది. అంత ఎండలో కూడా ఆ ముడి తడిగా ఉంది. నెమలి మెడ రంగులో ఉంది.

బస్సు మలుపు తిరిగేటప్పుడు ఆమె చెయ్యి కూడా బయటికి వచ్చింది. ఊపడానికనుకున్నాను. ఊపలేదు. అరచెయ్యి పైకి పెట్టి, నా వైపు చాపింది.