పార్వతమ్మ ఏడుపు

తేజస్వి నరసరావుపేటలో ఒక అద్దె ఇంటి పైగదిలో కూర్చుని పాటలకు బాణీలు కడుతుంది. ఇంట్లో ఆమె, తమ్ముడు సుధీర్ బాబు, అంతే. సొంతూరు రొంపిచెర్ల. అక్కడ పొరుగింటి పార్వతమ్మను చిన్నప్పటి నుంచీ పెద్దమ్మా అని పిలిచేది.

పోయినేడు పార్వతమ్మ కొడుకు యల్లమంద చేలో మోటారు దగ్గర షాక్ కొట్టి చనిపోయాడు. శవం మీద పడి ఆమె రాగం తీసి ఏడ్చింది.

"మిరపచేలో నీళ్ళు పారతన్నయ్, మడవ కట్టేదెవరు యల్లమందా..."

అందరూ కళ్ళు తుడుచుకుంటుంటే తేజస్వి తలుపు చాటున ఫోన్లో రికార్డు చేసుకుంది.

తర్వాత దానికి డప్పు బీటు కలిపి పాట చేసి నెట్‌లో పెట్టింది. ఎవరూ కాపీ కొట్టకుండా తన పేరున బ్లాక్‌చెయిన్‌లో ఎక్కించింది. వేల కంప్యూటర్లు కలిసి కాపలా కాసే పద్దు అది. ఒకసారి పేరెక్కితే చెరిపే మొనగాడు లేడు.

ఎవరో వినిపించారు కాబోలు, పార్వతమ్మ బస్సెక్కి వచ్చింది. చెప్పులు మెట్ల కిందే విడిచి, గుమ్మంలో నిలబడింది.

"అది నా ఏడుపమ్మా. దానికి పిల్లలు డాన్సులాడతన్నారంట. తీసెయ్."

"నీదని రుజువేముంది పెద్దమ్మా? ఇక్కడ నా పేరే ఉంది," అంది తేజస్వి స్క్రీను చూపించి.

చదువు రాని పార్వతమ్మ ఆ స్క్రీను వంక కాసేపు చూసింది. తప్పు తనే చేసినట్టు తలొంచుకుని మెట్లు దిగిపోయింది.

వారం తిరక్కముందే ఆమె రొంపిచెర్లలో చనిపోయింది. శవం దగ్గర రాగం తీసి ఏడ్చే దిక్కు లేదు.

"పాటలు కట్టేదానివి, నువ్వన్నా నాలుగు మాటలు అనవే," అంది అమ్మలక్కల్లో ఒకామె. తేజస్వి నేల చూస్తూ నిలబడింది. ఆ నేలలోకి కుంగిపోతే బాగుండనిపించింది.

సాయంత్రం తేజస్వి నరసరావుపేట ఇంటికి చేరేసరికి వాన పట్టుకుంది. కరెంటు లేదు. గదంతా తడిమట్టి వాసన. లాప్‌టాప్ తెరిచి ఫోన్ నెట్ కలిపింది. పాత రాత చెరపడం కుదరదు గానీ, హక్కు మరొకరికి రాసివ్వొచ్చు. పార్వతమ్మ పేరున ఖాతా తెరిచి రాసిచ్చేసింది. మళ్ళీ తనకే బుద్ధి మారకుండా, ఆ ఖాతా తెరిచే రహస్య సంకేతం కూడా ఎక్కడా దాచుకోలేదు. అది లేకుండా ఆ ఖాతాను ఇంకెవరూ తెరవలేరు. గుండె కాస్త తేలికపడింది.

టింగుమంది.

హక్కు బదిలీ అయింది. పార్వతమ్మ నుంచి... తేజస్వికి.

మళ్ళీ పంపింది. మళ్ళీ వచ్చింది.

గదిలో ఎండుమిరప ఘాటు. ముక్కు మండింది. ఇంట్లో ఒక్క మిరపకాయ లేదు...

పాట దానంతటదే మొదలైంది. బీటు లేదు. ఒట్టి గొంతు. అది పార్వతమ్మ గొంతు కాదు... తనది.

"మిరపచేలో నీళ్ళు పారతన్నయ్... మడవ కట్టేదెవరు సుధీరా..."

తమ్ముడు పొద్దున బండి మీద మాచర్ల వెళ్ళాడు. ఫోన్ చేసింది. మోగుతోంది... ఎత్తడం లేదు.

"తప్పయింది పెద్దమ్మా," అంది గుసగుసగా. "అది నీదే. నేను దొంగిలించా."

పాట ఆగింది.

కింద బండి చప్పుడు. మెట్ల మీద అడుగులు. గుమ్మంలో సుధీర్.

తేజస్వి పరుగున వెళ్ళి వాడి భుజం పట్టుకుంది.

"ఏందక్కా, ఎందుకేడుస్తన్నావ్?" అన్నాడు మెల్లగా.

బయట కుండపోతగా కురుస్తోంది. ఆమె చేతి కింద వాడి చొక్కా... పొడిగా ఉంది.