అల్లం బస్తా మీది పేరు

పెనం మీద జొన్నరొట్టె పొంగుతుండగా పోస్ట్‌మ్యాన్ ఉత్తరం ఇచ్చి వెళ్లాడు. పైన నాలుగేళ్ల కిందట చనిపోయిన తాత చెన్నబసప్ప పేరుంది.

అక్షత విప్పి చదివింది. ఏదో ఫైనాన్స్ కంపెనీ రాసింది. రెండువేల ఆరులో మోటారు సైకిలు కోసం తాత చేసిన అప్పు వడ్డీతో డెబ్బై నాలుగు వేలైందట. వారంలో కట్టకపోతే వసూలుకు మనుషులు వస్తారట.

తండ్రి వినయ్ రొట్టె ముక్క పళ్లెంలో పడేశాడు.

"నన్ను కాలేజి మాన్పించిన యేడు గద అది. అల్లమంత కుళ్లింది, ఫీజుకు పైసల్లేవన్నడు. బండికైతే అప్పు దొరికిందా?"

"మీ నాయిన సైకిల్ తప్ప ఏం తొక్కలే రా," అంది నానమ్మ సంగమ్మ.

"ఎవలికి కొనిచ్చిండో. మనకు జెప్పి చేసిండా?"

సంగమ్మ పీట లాక్కుని కూర్చుంది. సబ్బు రుద్ది కాళ్ల వెండి కడియాలు తీసింది. నలభై ఏళ్లలో అవి ఊడటం అదే మొదలు.

"ఇవి అమ్మి కట్టు. పోయిన మనిషి పేరు మీద ఎవ్వలూ గుమ్మం తొక్కొద్దు."

అక్షత గొంతు బళ్లోనే రెండో బెంచీ దాటదు. అయినా అంది, "జర ఆగు అవ్వా. తాత సంతకం జూడకుండ ఎట్ల కడ్తం? ఒక్క రూపాయి కట్టినా అప్పు మనదే అని ఒప్పుకున్నట్టు గదా."

ఆ సాయంత్రమే కాగితం ముందేసుకుంది. "ఈ అప్పు సంగతి మాకు తెలియదు. తాతగారు చనిపోయారు. ఆయన సంతకం ఉన్న కాగితం నకలు పంపండి. అంతవరకు ఏమీ కట్టము." జహీరాబాద్ పోస్టాఫీసులో రిజిస్టరు చేసి, రసీదును తన బడి పుస్తకంలో దాచుకుంది.

మూడు వారాలైనా వసూలుకు మనుషులు రాలేదు, ఇంట్లో ఎవరూ తాత మాట ఎత్తలేదు. వినయ్ గోడ మీది తండ్రి ఫోటో వైపు చూడకుండానే చొక్కా వేసుకునేవాడు.

నకలు వచ్చింది. వినయ్ అంకెల దగ్గరే ఆగిపోయాడు. చదువు రాని సంగమ్మ కాగితం అడుగున ఉన్న సంతకం మీద వేలు పెట్టింది.

"ఇది ఆయన రాత గాదు."

"నీకెట్ల తెలుసు అమ్మా?"

ఆమె లోపలి నుంచి పాత గోనె బస్తా తెచ్చి పరిచింది. అల్లం మార్కెట్‌కు పంపేముందు తాత ప్రతి బస్తా మీదా ఎర్ర రంగుతో పేరు రాసేవాడు. బీదర్ వైపు బళ్లో నేర్చిన కన్నడ తప్ప ఆయనకు మరో రాత రాదు. బస్తా మీద గుండ్రటి కన్నడ అక్షరాలు. కాగితం మీద ఇంగ్లీషు సంతకం.

"ఆయన రాస్తుంటే ముప్పై ఏండ్లు రంగు డబ్బ నేనే పట్టుకున్న," అంది సంగమ్మ. "నువ్వు కాలేజి మానిన యేడు రాయనీకి ఒక్క బస్తా లేకుండె. డబ్బల రంగు ఎండిపోయింది. నీకు జెప్పింది అబద్ధం గాదు రా."

వినయ్ ఆ అక్షరాల మీద చెయ్యి పెట్టి కూర్చుండిపోయాడు.

"ఆఖరు దినాల్ల గూడ నాయినతోని సరిగ మాట్లాడలే అమ్మా."

"ఆయనకు నీ మీద కోపం లేకుండె, బిడ్డా."

అతను కళ్లు తుడుచుకుని, కడియాలు తెచ్చి, తల్లి కాళ్ల దగ్గర కూర్చుని తొడిగాడు. అక్షత అప్పటికే కొత్త కాగితం మీద మొదటి వాక్యం రాసింది.

"ఏం రాసినవ్?"

ఆమె మెల్లగా చదివింది. "ఇది మా తాత సంతకం కాదు. ఈ అప్పు ఆయనది కాదు."

"జర గట్టిగ సదువు బిడ్డా," అన్నాడు వినయ్, ఫోటో వైపు చూస్తూ. "ఆయనకు ఇనపడాలె."