రూటర్‌కు తొలి పూజ

ఆయుధ పూజ నాడు పొద్దున్నే భారతమ్మ కత్తిపీట నుంచి కుట్టుమిషన్ దాకా అన్నీ కడిగి, తుడిచి, వరసగా పేర్చింది. ఆ రోజు ఇంట్లో ఏ పనిముట్టూ నడవకూడదన్నది ఆమె పుట్టిల్లు వడమాలపేట నుంచి తెచ్చుకున్న పట్టింపు. కోడలు నవీన మాత్రం కంప్యూటర్ ముందు కూర్చుంది.

నవీనది ఇంట్లోంచే చేసే ఉద్యోగం. విదేశీ డాక్టర్ల మాటలు విని టైపు చేసి పంపాలి. కొన్నాళ్లుగా వైర్‌లెస్ రూటర్ చచ్చి బతుకుతోంది. పండగ అయ్యేలోగా లైను నిలబడకపోతే చెన్నై ఆఫీసుకు వచ్చి కూర్చోవాల్సిందేనని పైవాళ్లు తేల్చేశారు. భర్త అమర్‌నాథ్ అప్పుడే ఫోన్లోనే అక్కడ ఇల్లు వెతుకుతున్నాడు. నవీనకు తిరుపతి వదలాలని లేదు. కంపెనీ వేసిన ఫర్మ్‌వేర్‌ను, అంటే రూటర్‌ను లోపలి నుంచి నడిపే ప్రోగ్రామును తీసేసి, ఎవరెవరో కలిసి రాసి అందరికీ ఊరికే ఇచ్చినదాన్ని ఎక్కిస్తే రూటర్ దారికొస్తుందని చదివింది. ఎక్కుతున్నంతసేపూ కరెంటు మాత్రం పోకూడదు.

బటన్ నొక్కి, కాఫీ కలుపుకోవడానికి వంటింట్లోకి వెళ్లింది. తిరిగొచ్చేసరికి ప్లగ్గు ఊడి ఉంది. భారతమ్మ రూటర్‌ను తుడిచి, బొట్లు పెట్టి, చామంతిపూలు చుడుతోంది. మూలిగే నక్క మీద తాటిపండు పడ్డట్టయింది. మళ్లీ ప్లగ్గు పెడితే ఒక్క లైటు మిణుకుమంటోంది, అంతే.

"ఏంటికి పీకినావు అత్తా?"

"కరెంటు తీయకుండా తడిగుడ్డ పెడతారా ఎవురైనా?"

"పని సగంలో ఉండాది. ఇప్పుడు సచ్చి కూర్చుంది. నేను ఈడ నుంచి పోతేగానీ నీకు నిమ్మళంగా ఉండదేమో."

భారతమ్మ చేతిలోని పూలు పక్కన పెట్టింది.

"పోతావనే గదమ్మా దీనికి ముందు పూజ చేసినాను. ఈ పెట్టె బాగా నడిస్తే నువ్వు మదరాసుకు పోయే పనుండదని అమర సెప్పినాడు. గంగమ్మకు గూడా మొక్కుకున్నా."

నవీన పనిముట్ల వరస వైపు చూసింది. కత్తిపీటకు, కుట్టుమిషన్‌కు ఇంకా బొట్టే పెట్టలేదు. ఇలాంటి మనిషినా తాను అంత మాట అన్నది అనుకుంది. కళ్లలో నీళ్లు ఆగలేదు.

"లేపే దారి ఒకటుండాది అత్తా. దీని వెనకాల బటన్ అదిమిపట్టి, వైరుతో మళ్లీ ఎక్కించాలి. రేపు సేస్తాలే. పూజ పెట్టినాక ఈపొద్దు నడపగూడదు గదా."

భారతమ్మ దేవుడి పటాల వైపు చూసింది. ఈ పండగకు ఆమె ముందురోజే కూరలు తరిగిపెట్టుకునే మనిషి.

"నడుపు," అంది. "అమ్మవారికి నేను సెప్పుకుంటా."

ఆపైన స్విచ్‌బోర్డు పక్కన పీట వేసుకుని కూర్చుంది. ఫ్యాను వేయబోయిన కొడుకును కూడా దగ్గరికి రానివ్వలేదు.

నవీన మళ్లీ ఎక్కించడం పూర్తిచేసేసరికి రూటర్ లైట్లన్నీ వెలిగాయి. మధ్యాహ్నం దాకా లైను ఒక్కసారీ తెగలేదు. పీట మీది మనిషి మాత్రం కదల్లేదు.

"నిలబడినట్టేనా మే?"

"నిలబడింది అత్తా."

"అయితే ఆ ఇల్లు ఎతికేది మానేయమని వాడికి నువ్వే సెప్పు," అంటూ భారతమ్మ కత్తిపీటకు బొట్టు పెట్టడానికి లేచింది.